అరువిచ్చిన చలువ

గాలిలో కలిసిపోయేదాన్ని పట్టి వెనక్కి తేవడం కూడా ఒక ఉద్యోగమేనా అని నవ్వేవాళ్ళుంటారు. నవ్వుకోండి, నాకేం పోయింది! కానీ చలువమ్మ అయిదేళ్ళుగా చేస్తున్న పని అదే. ఆ పని నిలబెట్టుకోవడానికి ఆమె పడ్డ పాట్లు వింటే మీ నవ్వు మీకే నచ్చదు.

ఆమె పనిచేసేది మందుల కంపెనీలకు పొడులు తయారుచేసి ఇచ్చే కెమికల్ ఫ్యాక్టరీలో. రెండు పొడులు కలిసి మూడో సరుకు కావాలంటే ముందు అవి ఏదో ఒక ద్రవంలో కరగాలి. ఆ ద్రవాన్ని అక్కడ అందరూ సాల్వెంటు అంటారు. పెట్రోలుకు చుట్టం లాంటిది. మూత తీస్తే చాలు, లేచి పోతుంది. సరుకు తయారయ్యాక ఆ సాల్వెంటు మురికిపట్టి మిగులుతుంది. ఒకప్పుడు దాన్ని డ్రమ్ములకెత్తి, ఎక్కడో ఉన్న కొలిమికి పంపి తగలబెట్టించేవారు. అక్కడ పొగ, ఇక్కడ వాసన, మర్నాడు మళ్ళీ కొత్త సాల్వెంటు ట్యాంకరు. ఇదేం పద్ధతి అని అడిగే నాథుడు లేడు.

అయిదేళ్ళ కిందట ఎవరికో బుద్ధి పుట్టి రికవరీ సెక్షన్ పెట్టారు. మురికి సాల్వెంటును పెద్ద పాత్రలో కాచి, ఆవిరి చేసి, ఆ ఆవిరిని చల్లార్చితే మళ్ళీ శుభ్రమైన సాల్వెంటు వస్తుంది. చల్లార్చే కండెన్సర్లు రెండు. కిందిది మామూలు నీళ్ళది, చాలావరకు అదే పట్టేస్తుంది. దాని చేతికి చిక్కని మొండి ఆవిరి కోసం పైన ఇంకోటి ఉంది. అందులో చిల్లింగ్ ప్లాంటు నుంచి వచ్చే గడ్డకట్టేంత చల్లటి నీళ్ళు తిరుగుతుంటాయి. ఆ నీళ్ళనే అక్కడివాళ్ళు చలువ అంటారు. పైదాన్ని కూడా దాటిపోయిన ఆవిరి గొట్టంలోంచి ఆకాశం చూస్తుంది. ఇక అది మనది కాదు.

ఆ పాత్రకూ ఆ కండెన్సర్లకూ కాపలా చలువమ్మ. పేరు హాజరుపట్టీలో వేరే ఉంది, ఆ పేరుతో పిలిచేవాళ్ళే లేరు. చలువ అడిగినవాళ్ళకు లేదనకుండా ఇస్తుందని పక్కసెక్షన్ వాళ్ళు పెట్టిన పేరు ఇది. పెట్టినప్పుడు ముద్దుగానే పెట్టారు. ఆ ముద్దే ఆమె ప్రాణం మీదికి తెస్తుందని ఎవరనుకున్నారు?

అంతకుముందు ఆమె డ్రమ్ముల యార్డులో పనిచేసేది. ఖాళీ డ్రమ్ములను దొర్లించుకొచ్చి, లోపల కడిగి, బోర్లించి, ఆరబెట్టాలి. సాయంత్రానికి నడుము నడుములా ఉండేది కాదు, తల దిమ్మెక్కిపోయేది. ఇంటికెళితే అత్తగారు గుమ్మంలోనే ఆపి, "ముందు తలారా నీళ్ళు పోసుకో తల్లీ, నీకంటే ముందు నీ వాసన వచ్చింది" అనేది. అలా ఏడేళ్ళు గడిచాయి.

ఆ ఏడేళ్ళ గొయ్యిలోంచి ఆమెను చెయ్యి పట్టి లాగినవాడు రియాక్టరు బాబాయ్. ఎవరికీ సొంత బాబాయ్ కాడు, ఫ్యాక్టరీకంతటికీ బాబాయే. పొడులు కలిపి సరుకు తీసే పెద్ద పాత్ర రియాక్టరు, దాని మీద ముప్ఫై ఏళ్ళ ఆపరేటరు. ఒకరోజు యార్డు మీదుగా పోతూ, చలువమ్మ ఒక డ్రమ్మును పక్కకు తోసిపెట్టడం చూసి ఆగాడు.

"అదెందుకు తీసి పెట్టావమ్మాయ్?"

"దొర్లేటప్పుడు చప్పుడు తేడాగా ఉంది బాబాయ్. లోపల ఇంకా ఏదో ఉంది."

మూత తీస్తే నిజంగానే అడుగున రెండు చెంబుల సాల్వెంటు ఉంది. ఆయన ఆమెకేసి ఎగాదిగా చూసి, "రేపట్నుంచి అన్నం తిన్నాక నా దగ్గరికి రా" అన్నాడు.

అంతే. సంవత్సరం పాటు, రోజూ టిఫిన్ డబ్బాలు కడుక్కున్నాక అరగంట. సిమెంటు నేల మీద సుద్దముక్కతో గొట్టాలు గీసి, ఏ వాల్వు తిప్పితే ఏది ఎటు పోతుందో చెప్పేవాడు. మీటరు ముల్లు ఎక్కడుంటే నవ్వాలో, ఎక్కడుంటే పరుగెత్తాలో చెప్పేవాడు. తప్పు చెబితే, "నీ మొహం! మళ్ళీ చూడు" అని కసిరేవాడు, ఒప్పు చెబితే మాత్రం నోరు విప్పేవాడు కాదు. రికవరీ సెక్షన్‌కు మనిషి కావాల్సి వచ్చినప్పుడు మేనేజరు గదిలోకి వెళ్ళి, "ఆ డ్రమ్ముల అమ్మాయికివ్వండి సార్, పూచీ నాది" అన్నాడు. ఆ మాట చలువమ్మ చెవిన పడ్డ రోజు ఇంటికెళ్ళి ఏడ్చింది. సంతోషం పట్టలేక ఏడ్చింది. కన్నతండ్రి కూడా ఆమె గురించి పూచీ నాది అన్న పాపాన పోలేదు.

అలాంటి మనిషి, రికవరీలో చేరిన మొదటి వేసవిలో ఒక మధ్యాహ్నం వచ్చి, "అమ్మాయ్, ఓ గంట చలువ ఇస్తావా? రియాక్టరు కాస్త వేడెక్కుతోంది" అని అడిగితే ఆమె ఏమంటుంది? కాదంటుందా? రియాక్టరుకూ ఆమె పై కండెన్సరుకూ వచ్చే చలువ ఒకే లైనులోది. తన వాల్వు బిగిస్తే ఆయనకు ఎక్కువ పోతుంది. పక్కింటివాళ్ళు కాసిని పాలు అడిగితే ఇచ్చినట్టు ఇచ్చేసింది. పన్నెండుంపావుకు బిగించేది, రెండుకి పావుగంట ముందు మళ్ళీ తెరిచేది. అది రోజువారీ అలవాటైపోయింది. సెలవురోజున తన బదులు వచ్చే ఆపరేటరుకు కూడా, "బాబాయ్ అడిగితే ఇవ్వు, ఆయనకు లేదనకు" అని చెప్పి మరీ వెళ్ళేది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ ఏడాది కొత్త ఇంజనీరమ్మ వచ్చింది. పాతికేళ్ళ పిల్ల, కళ్ళద్దాలు, చేతిలో ఎప్పుడూ లెక్కలు రాసుకునే ఒక అట్ట. ఎవరూ ఎన్నడూ కొలవనిది ఆమె కొలిచింది. పాత్రలో పోసింది వంద లీటర్లయితే, అడుగున మురికి మూడు, తిరిగి వచ్చింది ఎనభై ఎనిమిది. మిగతా తొమ్మిది లీటర్లు ఏవి?

"గాల్లోకి పోతున్నాయక్కా. రోజూ వందలు వందలు కాస్తున్నాం. లెక్కేసుకో, ఎంత పోతోందో" అంది ఇంజనీరమ్మ.

మేనేజరు అందరినీ పిలిచి తెగేసి చెప్పాడు. మూడు నెలలు గడువు. వందకు తొంభై అయిదు వస్తే రికవరీ ఉంటుంది. రాకపోతే సెక్షన్ మూత. మురికి సాల్వెంటు మళ్ళీ కొలిమికి, చలువమ్మ మళ్ళీ డ్రమ్ముల యార్డుకి. అంతకంటే విడమరిచి చెప్పక్కర్లేదు. ముప్ఫై తొమ్మిదేళ్ళ వయసులో మళ్ళీ ఆ డ్రమ్ములా! ఆమె ఇల్లు ఫ్యాక్టరీ వెనక గోడకు మూడో వీధి. డ్రమ్ములు తిరిగి వస్తే ఆ వాసనా తిరిగి వస్తుంది.

ఇక వెతుకులాట మొదలైంది. ఫిట్టరూ, ఇంజనీరమ్మా, చలువమ్మా, ముగ్గురూ సబ్బునీళ్ళ బకెట్టు పట్టుకుని ప్రతి గొట్టం అతుకు మీదా నురగ పూశారు. కారుతుంటే బుడగ రావాలి. ఎనభై రెండు అతుకులు. ఒక్కచోట బుడగ వస్తే ఒట్టు. ఫిట్టరుకు ఒళ్ళు మండింది. "నా అతుకుల్లోంచి చీమ కూడా దూరదు మేడమ్. సాల్వెంటు కావాలని పారిపోతుంటే నేనేం చెయ్యను, కాళ్ళు కట్టెయ్యనా?" అన్నాడు. రెండు గంటలకోసారి చలువమ్మ రాసే రీడింగులు తిరగేశారు. పదికి బాగుంది, పన్నెండుకు బాగుంది, రెండుకు బాగుంది. ఆమె ఒక్క అంకె అబద్ధం రాయలేదు. రాసిన అంకెలన్నీ నిజమే, పోతున్న సాల్వెంటూ నిజమే. ఇంజనీరమ్మకు పిచ్చెక్కినంత పనయింది. ఇలా రెండు నెలలు గడిచిపోయాయి.

మరి చలువమ్మకు తట్టలేదా అంటారా? తట్టలేదు. ఇక్కడే నాకు ఆమె మీద కోపమొస్తుంది, మళ్ళీ జాలేస్తుంది. కిందిది పట్టేస్తుంది కదా, పైదానికి మిగిలేది ఎంతలే, గంటే కదా అనుకునేది. అసలు అది వాల్వు తిప్పడమని కూడా అనిపించేది కాదు. అది బాబాయ్‌కి చేసే మర్యాద. మర్యాదలోంచి సాల్వెంటు కారుతుందని ఎవరికి తడుతుంది?

తట్టించింది అత్తగారు.

ఆ వారం సెలవురోజున చలువమ్మ ఇంట్లో చేటలో బియ్యం ఏరుకుంటోంది. భర్త కుట్టుమిషన్లు బాగుచేస్తాడు, వసారాలో ఒక మిషన్ను విప్పి దాని పేగులన్నీ కిందపోసుకుని కూర్చున్నాడు. పక్కనే కుర్చీలో ఉన్న అత్తగారు గట్టిగా పిలిచింది.

"అమ్మాయ్, వాసనొచ్చింది. నా బీపీ మాత్ర ఇలా పడెయ్."

"వాసనేంటి అత్తయ్యా?"

"మీ ఫ్యాక్టరీదే. రోజూ మాత్ర టైముకు ఠంచనుగా వస్తుంది. నాకు గడియారం ఎక్కడ కనబడి చచ్చింది? ముక్కు చెబుతుంది, నేను వేసుకుంటా."

"అమ్మ చెప్పేది నిజమే. గంటా గంటన్నర ఉంటుంది, మళ్ళీ పోతుంది. నీ ముక్కు ఎప్పుడో మొద్దుబారిపోయింది గానీ వీధిలో అందరికీ తెలుసు" అన్నాడు భర్త, తలెత్తకుండానే.

చలువమ్మ గోడ గడియారం వంక చూసింది. పన్నెండున్నర. చేతిలో చేట చేతిలోనే ఉండిపోయింది. పన్నెండుంపావుకు తన బదులు ఆపరేటరు వాల్వు బిగించి ఉంటాడు. తను చెప్పి వచ్చింది కాబట్టే బిగించి ఉంటాడు. ఇన్నాళ్ళూ సబ్బునీళ్ళతో వెతికిన దొంగ తనేనా!

చెబితే సరిపోయేది కదా అని మీరంటారు. ఎవరి పేరు చెబుతుంది? నెలాఖరుకు బాబాయ్ రిటైరవుతున్నాడు. ముప్ఫై ఏళ్ళలో ఆయన కాగితాల మీద ఒక్క మచ్చ లేదు. అడిగి మరీ పక్క సెక్షన్ చలువ వాడుకున్నాడని తేలితే చివరి నెలలో మెమో చేతికొస్తుంది. చెప్పకపోతే రికవరీ పోతుంది. ఆమె కడకు ఒక ఉపాయం పన్నింది, తెలివైనదనుకుంది. మర్నాడు అన్నాల వేళ బాబాయ్ దగ్గరికి వెళ్ళి వాసన సంగతీ, పోతున్న తొమ్మిది లీటర్ల సంగతీ చెప్పి, ఆ ఉపాయమూ చెప్పింది.

"మీ పేరు రానివ్వను బాబాయ్. వాల్వు నేనే మరిచిపోయి మూస్తున్నానని చెప్పేస్తా. తిడితే తిడతారు, పడతాను."

బాబాయ్ ముద్ద కలపడం ఆపేశాడు.

"అయిదేళ్ళు మరిచిపోయావా? రోజూ అదే టైముకు?" అన్నాడు.

"మరిచిపోయాననే చెబుతాను బాబాయ్" అంది చలువమ్మ.

"లేచి వెళ్ళు. నీ పని చూసుకో. ఇవాళ్టి నుంచి నీ చలువ నాకొద్దు" అని డబ్బా మూత పెట్టేశాడు. సగం అన్నం అందులోనే ఉండిపోయింది. కోపం తన మీదే అనుకుని చలువమ్మ కుమిలిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆమె మేనేజరు గదిలోకి వెళ్ళింది. ఇంజనీరమ్మ కూడా అక్కడే ఉంది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ, "సార్, తప్పు నాది. పై కండెన్సరు వాల్వు నేనే..." అని మొదలుపెట్టిందో లేదో తలుపు తోసుకుని బాబాయ్ వచ్చాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. అనుమతి అడగలేదు.

"ఆ అమ్మాయి మాట వినకండి సార్. చలువ అడిగింది నేను. అయిదేళ్ళుగా రోజూ అడిగాను, రోజూ ఇచ్చింది."

మేనేజరు నోరు వెళ్ళబెట్టాడు. "నువ్వా? ఎందుకు?"

"మధ్యాహ్నం ఎండకు చిల్లింగ్ ప్లాంటు నీరసపడుతుంది. సరిగ్గా అప్పుడే నా రియాక్టరులో వేడి పుడుతుంది. ఉన్న చలువ చాలదు. ఆరేళ్ళ కిందట ఈ గదిలోనే మీకు చెప్పాను సార్. ఇంత అనుభవం ఉండి ఆ మాత్రం చూసుకోలేవా అన్నారు. ఆ మాట నాకు తగిలింది. మళ్ళీ అడగలేదు. చూసుకున్నాను. ఈ అమ్మాయి చలువ తీసుకుని చూసుకున్నాను."

మేనేజరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆ మాట అన్నట్టు ఆయనకు గుర్తుంది కాబోలు, తలెత్తలేదు.

"ఇరవై మూడు రోజుల్లో వెళ్ళిపోతున్నావు. ఇప్పుడెందుకు చెప్పడం?" అన్నాడు మెల్లగా.

"నా తప్పు తన మీద వేసుకోబోయింది సార్. నేను దానికి పని నేర్పాను గానీ అబద్ధం నేర్పలేదు. అది కూడా నా దగ్గరే నేర్చుకుందంటే నేను తల ఎక్కడ పెట్టుకోను?"

చలువమ్మ అక్కడే, మేనేజరు ఎదుటే, బావురుమంది. ఇంజనీరమ్మ లేచి ఆమెకు మంచినీళ్ళిచ్చి, బాబాయ్ వైపు తిరిగింది. "బాబాయ్‌గారూ, మీ రియాక్టరులో సరుకు కలపడం ఎన్నింటికి మొదలుపెడతారు?"

"పదింటికమ్మా. స్టోరు తెరిచేదే తొమ్మిదిన్నరకి. పొడి చేతికి రావాలి కదా."

"ముందురోజు సాయంత్రమే పొడి తీసిపెట్టి, పొద్దున ఆరింటికి మొదలుపెడితే?"

బాబాయ్ వేళ్ళు మడిచి చూసుకున్నాడు. "పదకొండుకల్లా వేడి దిగిపోతుంది. ఎండ ముదిరేసరికి నాకు చలువ అవసరమే ఉండదు" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం చూడాలి. ఇంత చిన్న పనికి అయిదేళ్ళు ఒకరి దగ్గర చెయ్యి చాచానా అనుకున్నాడో ఏమో, సిగ్గుపడ్డాడు. మేనేజరు మెమో ఇవ్వలేదు. "తప్పులో సగం వాటా నాకూ ఉంది" అని, స్టోరు తాళాల ఏర్పాటు తనే దగ్గరుండి చూశాడు. ఎంత లేదన్నా ఆ మనిషిలోనూ కాస్త మంచి ఉంది, ఒప్పుకోవాలి.

తరువాతి వారం వందకు తొంభై నాలుగు వచ్చింది. ఆ పై వారం తొంభై ఆరు. ఇంజనీరమ్మ మూడుసార్లు కొలిచింది, మూడుసార్లూ అదే. రికవరీ ఉంటుందని మేనేజరు సంతకం పెట్టిన కాగితాన్ని నోటీసు బోర్డుకు గుచ్చారు. ఫిట్టరు దాని ముందు నిలబడి, "నా అతుకులు మంచివేనని అప్పుడే చెప్పాను" అని వచ్చేపోయేవాళ్ళందరికీ వినిపించాడు. చలువమ్మ ఇంటికెళ్ళి అత్తగారి కాళ్ళ దగ్గర కూర్చుని, "మీ ముక్కు చల్లగుండాలి అత్తయ్యా" అంటే ఆవిడకు ముందూవెనకా తెలియక, "దీనికేదో అయిందిరా" అని కొడుకును పిలిచింది.

నెలాఖరు వచ్చింది. బాబాయ్ ఆఖరి బ్యాచ్. అప్పటిదాకా రియాక్టరులోకి సగం కొత్త సాల్వెంటు, సగం రికవరీది పోసేవారు. ఈసారి తిరిగి వచ్చింది బ్యాచ్‌కంతటికీ సరిపడా రెండు వేల లీటర్లు పోగుపడింది. ల్యాబులో పరీక్ష చేసి కొత్తదానికి ఏమాత్రం తీసిపోదన్నారు. బాబాయ్ చలువమ్మకు కబురు పెట్టాడు. ఆమె వచ్చేసరికి పొద్దున ఆరు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు.

"ఇవాళ నా బ్యాచ్‌లో కొత్తది ఒక్క చుక్క లేదు. అంతా నువ్వు పట్టి తెచ్చిందే. వాల్వు నువ్వే తియ్యమ్మాయ్."

చలువమ్మ వాల్వు తీసింది. గొట్టంలో సాల్వెంటు పోతున్న చప్పుడు ఇద్దరూ నిలబడి విన్నారు. "డ్రమ్ముల దగ్గర చచ్చేదాన్ని బాబాయ్. మీరు నన్ను మనిషిని చేశారు. ఈ రుణం ఎలా తీరుతుందో నాకు తెలీదు" అంది.

"తీర్చకు. తీరిపోతే మళ్ళీ నా మొహం చూడవు" అని, ఆయన బ్యాచ్ షీటు ముందుకు లాక్కున్నాడు.

ఆ షీటులో ఒక గడి ఉంది. సాల్వెంటు ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో, సప్లయర్ పేరు రాయాలి. బాబాయ్ కళ్ళజోడు సర్దుకుని, నిదానంగా, గుండ్రటి అక్షరాలతో రాశాడు: మా అమ్మాయి.

షీటు తనిఖీకి వచ్చిన ఇంజనీరమ్మ అది చూసి నవ్వాపుకోలేకపోయింది. "బాబాయ్‌గారూ, ఇది చెల్లదండీ. రికవరీ సెక్షన్ అని రాయాలి. కొట్టేసి మళ్ళీ రాయండి."

ఆ ఫ్యాక్టరీలో కొట్టివేతకు ఒక రూలుంది. చెరపకూడదు, నల్లగా పులమకూడదు. తప్పు మీద ఒకే ఒక్క సన్నటి గీత గీసి, కింద రాసింది ఎవరైనా చదవగలిగేలా ఉంచి, పక్కన సరైనది రాసి సంతకం చెయ్యాలి. బాబాయ్‌కి ఆ రూలు ముప్ఫై ఏళ్ళుగా తెలుసు. ఆయన పెన్ను తీసుకుని, ఒక్క సన్నటి గీత గీశాడు. పక్కన రికవరీ సెక్షన్ అని రాసి, తేదీ వేసి, సంతకం చేసి, షీటును చలువమ్మ వైపు తిప్పాడు. గీత కింద రెండు మాటలూ స్పష్టంగా కనబడుతున్నాయి. ఆమె వాటిని రెండుసార్లు చదువుకుంది. తరువాత ఇంజనీరమ్మ షీటు తీసుకెళ్ళి ఫైల్లో పెట్టింది.